బాయి

మా నాయినకు బాయి అంటే బొగ్గు.
రాత్రి షిఫ్టుకు సద్దిగిన్నె సంకల పెట్టుకొని
"బాయికి పోతున్న" అనేటోడు.
"పోయొస్త" అనుడు ఆయనకు ఎన్నడూ అలవాటు కాలే.
ఆ "ఒస్త" అన్న ముక్కను
మా అమ్మ అతికిచ్చేది ఎనుకనుంచి.
కాపురం మొత్తం అట్లనే అతికిచ్చింది.

నాకు బాయి అంటే వాంఖడే బాయి.
బల్లార్షా మున్సిపాలిటీ బడిల
ఎవ్వలి నాలుకా మడతపడని "ళ"
తెలుగోళ్ల పోరనికి తిరిగిందని
నన్ను బల్ల మీద నిలవెట్టి
మూడుసార్లు పలికిచ్చింది.
నా దగ్గర ఉన్నది ఏదన్నా
ఒకరికి పనికొస్తదని
అంతకుముందు నాకు తెల్వదు.
బాయీ, నీకు శనార్తి.
నీ మరాఠీ సగమే అబ్బింది గాని
ఆ బల్ల ఎత్తు పూర్తిగ గుర్తున్నది.

పంతొమ్మిదేండ్లకు నేనూ దిగిన.
మొదటి జీతంతోని నల్లద్దాలు కొని
వర్ధా ఒడ్డున రాత్రిపూట పెట్టుకొని తిరిగిన,
బాయిల చీకటి సాలలేదన్నట్టు!
ఆ పిచ్చి పోరడు ఇప్పుడు ఎదురువడితే
ఒక చాయ్ తాపుత,
బుద్ధి మాత్రం చెప్ప.

డెబ్బైతొమ్మిదిల కుడిపాదం మీదికి టబ్బు ఎక్కింది.
దానికి దండం పెట్ట, అంత మంచోణ్ని కాదు.
కాని ఆ కాలే నన్ను ల్యాంపురూముల కూసోబెట్టింది
ముప్పై ఐదేండ్లు.

దిగేటోడు ఇత్తడిబిళ్ల ఇచ్చి దీపం తీస్కపోతడు.
ఎక్కినంక దీపమిచ్చి బిళ్ల తీస్కపోతడు.
ఇంతే పని.
కొక్కానికి బిళ్ల ఉన్నదంటే
మనిషి ఇంకా మన్ను కిందున్నడు.
మడావి, దుర్గే, ఎలకపల్లి రాజం,
బిలాస్‌పూరు నుంచొచ్చిన సాహు అన్నదమ్ములు...
పైకొచ్చినంక మొఖాలన్ని ఒక్కతీరు నలుపు,
చేతుల్ని బట్టి గుర్తువట్టేది నేను.
షిఫ్టు దిగినంక గోడ వట్టిగ కనవడితేనే
నాకు బువ్వ దిగేది.
గోడ వట్టిగైన ప్రతి దినానికీ శనార్తి.
రెండుసార్లు వట్టిగ కాలే.
ఆ రెండు నంబర్లు ఇయ్యాల్టికీ
ఏ బస్సు టికెట్టు మీద కనవడ్డా
పారెయ్య, మడిచి జేబుల వెట్టుకుంట.

బ్యాటరీ ఆసిడు పడి నా అంగీలన్ని జల్లెళ్లు.
సిరోంచ నుంచొచ్చిన సమ్మక్క
ఒక్కో చిల్లుకు ఒక్కో రంగు గుడ్డ ఏసి కుట్టేది.
"ఏ చిల్లు ఏ ఏడాదిదో తెలవాలె గద" అనేది.
మూడు భాషలల్ల తిట్టేది,
నవ్వు మాత్రం ఏ భాషలదో నాకు అంతువట్టలే.
ఆమె పోయి ఆరేండ్లు.
ఒక్క అంగీ దాచిన.
ఎనుకటి సంగతి యాదికి రావాల్నంటే
క్యాలెండరు అడుగ, దాన్ని తీసి
ఎర్రగుడ్డ కాడ వేలు పెడుత:
బిడ్డ పుట్టిన ఏడు.
పసుపుది, వరద.
నడుమ ఒకటి కుట్టని చిల్లు.
అప్పుడు ఆమెకు టైఫాయిడు.

ఇప్పుడు బాయి మూసిన్రు.
సైరను లేదు, అయినా ఐదింటికే మెలకువ.
తెల్లారంగ గాలి మళ్లితే
పేపరుమిల్లు వాసన లోపలికొస్తది,
కొత్తోళ్లు ముక్కు మూసుకుంటరు.
నాకది సుట్టపు వాసన.
గోలీ ఏసుకుంట. దగ్గుత.
దగ్గినప్పుడల్ల నాయిన గొంతు వినవడుతది,
గా మందం దగ్గుకు గూడ మేలే.

మనవరాలు జడల మధ్య పాపిట సరిగ లేదని
తల్లితోని మరాఠీల పంచాయితి వెట్టుకొని,
తెలుగుల అలిగి,
సంచి భుజానికేసుకొని
"ఆజోబా, యేతే!" అని ఉరుకుతది.

పోతపోత వస్త అంటది ఆ భాష గూడ.
మా నాయిన మర్చిన ముక్క,
మా అమ్మ అతికిచ్చిన ముక్క
ఎవ్వలు చెప్పకుండనే ఆ పిల్ల నోట్లె ఉన్నది.

ఎండటోపీ ఇంట్లనే మర్చిపోయింది.
తీసి
తలుపెనుక కొక్కానికి తగిలించిన.