గోడ నుంచి తిరిగొచ్చిన దెబ్బ

టిక్కెట్టు పద్దెనిమిది వందలు. నాకు మాత్రం ఊరికే,
ఎందుకంటే బాక్సులు నావి.
గుంటూరు కొత్తపేటలో సుభానీ సౌండ్స్ అంటే
పెళ్లిళ్లకీ, ఉరుసులకీ, ఓట్ల సభలకీ
ఒకటే రేటు, అవే వైర్లు.

ఆ రాత్రి కృష్ణలంక దిగువన, ఏటి ఒడ్డు మైదానానికి
డీజే నిశీధ్ వచ్చాడు.
గోవా నుంచి బెర్లిన్ దాకా పోస్టర్లున్న మనిషి.
ట్రాన్స్ అంటారట ఆ సంగీతాన్ని.
పూనకం అని మా వీధిలో దానికో పాత పేరుంది,
టిక్కెట్టు లేని రోజుల్లోది.

జనరేటర్ పక్కన బీడీ ముట్టించి
మా క్లారినెట్టు యేసోబు అన్నాడు:
"ఊదాడా? లేదు. కొట్టాడా? లేదు. మీటాడా? అదీ లేదు.
ఒక బొడిపె తిప్పి చేతులు పైకెత్తాడు,
పోలీసులొస్తే ఎత్తినట్టు.
దానికి పదిహేను లక్షలా?
నలభై ఏళ్లు నల్లకొయ్యలోకి ఊపిరి పోశాను,
పెళ్లికొడుకు గుర్రం దిగేలోపు
ఒక్కడన్నా నా పేరడిగాడా?"

నవ్వాను. నాకూ అనుమానమే.
స్టేజీ వెనక నుంచి చూశాను కదా,
ల్యాప్‌టాప్ తెర మీద గీత దానంతటదే పాకుతోంది.
అతను తిప్పే బొడిపెల్లో సగం
దేనికీ కలిపి లేవు. ఆ వైర్లు బిగించింది నేనే.
ఖాళీ బొడిపె తిప్పినప్పుడే
జనం ఎక్కువ అరిచారు.

ఇక్కడితో ఆపితే బాగుండేది.
యేసోబు గెలిచేవాడు, లెక్క తేలిపోయేది.

కానీ మధ్యాహ్నం మూడింటికి కూడా నేను అక్కడే ఉన్నాను.
రోళ్ల సంగతేమో గానీ
స్పీకర్ల జిగురు ఊడే ఎండ.
యేసోబు లారీ కింద నిద్ర.
మైదానంలో నేను, అతను, ఒక కుక్క.
ఒకటే దెబ్బ పెట్టించాడు. ధబ్. ధబ్. ధబ్.
పాట కాదు, రాగం కాదు, ఒట్టి దెబ్బ.
అది వింటూ నడిచాడు
ముందు వరస నుంచి మరుగుదొడ్ల రేకుల దాకా,
అక్కణ్ణుంచి నిమ్మసోడా బండి మూలకి.
రేకు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు,
నాడి పట్టే హకీములా.
వచ్చి అన్నాడు:
"వరద గోడకి తగిలి దెబ్బ ఆలస్యంగా తిరిగొస్తోంది.
వెనక నిలబడేవాళ్లకి
రెండు గుండెలు వినిపిస్తాయి.
ఎడమ బాక్సు జానెడు జరుపుతారా?"

ఇరవయ్యారేళ్లుగా బాక్సులు మోస్తున్నాను.
వెనక నిలబడేవాళ్ల సంగతి
నన్ను ఏ నాయకుడూ అడగలేదు.
జానెడు జరిపాను. చాలదన్నాడు. ఇంకో బెత్తెడు.
ఐదింటికి బ్రిడ్జి మీద గూడ్సు పోతుంటే
దెబ్బ ఆపించి, చివరి పెట్టె దాటేదాకా విన్నాడు,
తనకంటే పెద్ద విద్వాంసుడు
పాడుతున్నట్టు.

రాత్రి ఎనిమిది వేలమంది గెంతారు.
మరుగుదొడ్ల దగ్గర నీళ్ల డ్రమ్ము కాసే పిల్లాడి కాలు కూడా
సరిగ్గా దెబ్బ మీదే పడింది.
చప్పట్లు మాత్రం పొగ మిషనుకి వెళ్లాయి,
ఎత్తిన చేతులకీ, ఖాళీ బొడిపెలకీ వెళ్లాయి.
అర్హుడే అనిపించింది నాకు,
కానీ జనం ఇచ్చినదానికి కాదు.
అప్పు ఒక ఖాతాలో, జమ ఇంకో ఖాతాలో.

వైర్లు చుడుతూ యేసోబుకి ఇదంతా చెప్పాను.
గోడ సంగతి, జానెడు సంగతి, గూడ్సు సంగతి.
విన్నాడు. బీడీ ఆర్పి చెవి వెనక పెట్టుకున్నాడు.
"ఆ గోడ తిరగ్గొడుతోందని
పొద్దున బాక్సులు దించి మోగించినప్పుడే తెలుసు," అన్నాడు.
"మరి చెప్పలేదేం?"
"ఎవరడిగారు?"

లారీ వారధి ఎక్కింది.
వెనక బాక్సుల మధ్య, తాడు పట్టుకుని,
కాజ టోలుగేటు దాకా అతను ఏదో ఊదుతూనే ఉన్నాడు,
క్లారినెట్టు లేకుండా, ఉత్త పెదాలతో.
ఇంజను మోతలో
నాకు సగమే వినిపించింది.