స్కోరు

పదకొండేండ్లు నేను ఐలేశన్నకు పెండ్లాన్ని.
బుధవారం, గురువారం, మణికొండ షెడ్డుల.
పెట్టుడు జడ, పెట్టుడు రొమ్ములు,
గీకిన మీసం పచ్చగ కనపడకుండ రెండు పూతల పౌడరు.
అన్న నన్ను తిడతడు, నేను చీపురు ఎత్తుత,
జనం నవ్వుతరు.
ఇంటికాడ నా అసలు పెండ్లాం
ఆ చీపురు ఏడ దొరుకుతదని అడిగింది ఒకసారి.

ఎపిసోడ్‌కు ఒక మాట ఉంటది, మీకు ఎరికే,
బడిల పిల్లలు గూడ అంటరు.
నేను ముక్కు చీది
"ఏమయ్యా, సంసారం ఎట్లుంది?" అంట.
అన్న కెమెరా దిక్కు తిరిగి, కండ్లు పెద్దగ జేసి
"సున్నా–మూడు!" అంటడు.
ఇంకో వారం "ఒకటి–ఒకటి!"
ఎన్నడో పండుగకు "రెండు–సున్నా!" అని
టేబుల్ ఎక్కి ఎగురుతడు.
అర్థం లేనిదానికే నవ్వెక్కువ, అది మా డైరెక్టర్ సూత్రం.
అర్థం ఉన్నదని షెడ్డుల నాకొక్కనికే తెలుసు.

లాలాగూడ స్పోర్టింగ్.
రెండో డివిజన్.
ఆకుపచ్చ బనియన్ మీద పసుపు అడ్డగీత,
ఉతికి ఉతికి ఇప్పుడు రెండూ ఒకటే రంగు.
వర్క్‌షాపు సైరన్ కూసినంక
వాళ్ల నాయన గ్రీజు చేతులతోనే వచ్చి గోలుకాడ నిలబడేటోడట.
ఆరేండ్ల ఐలేశు వెనక కూసొని
బయటికి పోయిన బంతి ఏరుకొచ్చేటోడు.
"మా నాయన మొకం తక్కువ చూసిన సుగుణా,
వీపే ఎక్కువ చూసిన" అన్నడు ఒకనాడు
నా కొప్పుల పిన్నులు తీసుకుంట.
ప్యాకప్ అయినా నేను సుగుణనే.
నా పేరు ముత్యాలని ఆయనకు యాదికి ఉండదు.

తోటోళ్లు విల్లాలు కొన్నరు, కార్లు మార్చిన్రు.
అన్న బూట్లు కొన్నడు, ఇరవై రెండు జతలు.
గోలుకు కొత్త వల. గీతలు గీయనీకి సున్నం, బస్తాలకు బస్తాలు.
"ఆ సున్నంతోని మన ఇంటికి మూడుసార్లు వెల్లేసేది"
అంటది వదిన, చాయ్ మాత్రం పంపుతది ఆటకాడికి.

ఒక్క ఆదివారం నన్ను తోలుకపోయిండు.
చూసేటోళ్లం పద్నాలుగు మందిమి,
అందుల ఒకాయన ఐస్‌క్రీం బండాయన.
ఒక్కరు గూడ సెల్ఫీ అడగలే.
వాళ్లకు ఆయన టీవీ ఐలేశు కాదు, గోలీ కొమురెల్లి కొడుకు.
ఊరంతా నవ్వించేటోడు కాలరు కొరుక్కుంట
తొంభై నిమిషాలు మాట లేకుండ నిలబడ్డడు.
బంతి కమ్మీకి తగిలినప్పుడు మాత్రం "అబ్బా" అన్నడు.
పదకొండేండ్లు ఎదురుంగ నిలబడి
నేను వినని గొంతు అది.

ఆనక గ్రౌండు చుట్టూ నీలం రేకులు లేసినయ్.
టీముల ఏడుగురు పోరగాళ్లు మిగిలిన్రు.
లీగుకు పేరు ఇయ్యలే.

ఆ బుధవారం నేను ముక్కు చీదిన.
"ఏమయ్యా, సంసారం ఎట్లుంది?"
అన్న కెమెరా దిక్కు తిరిగిండు.
కండ్లు పెద్దగ చేసిండు.
నోరు తెరిచి అట్లనే ఉంచిండు.
లైటు బుగ్గల సుయ్యిమనే చప్పుడు వినపడ్డది నాకు.
"ఈ వారం ఆట లేదు."

జడ్జీలు కుర్చీలల్లకెళ్లి జారి పడ్డరు.
నేను చీపురు ఎత్తిన, ఎత్తాలె గదా.
కొట్టిన.
బెస్ట్ స్కిట్ అని పదివేల చెక్కిచ్చిన్రు,
అట్ట చెక్కు, మనిషంత ఉంటది, బ్యాంకుల చెల్లది.

రాత్రి షెడ్డెనక
రెండు ప్లాస్టిక్ కుర్చీలు దూరందూరం పెట్టిండు.
నా కడుపు పండిన స్కిట్ కోసం కుట్టిన దూది మెత్తకు
గట్టిగ తాడు చుట్టిండు.
"నిలబడు సుగుణా."
చీర కచ్చ పోసుకున్న.
లైట్‌బాయ్ ఒకడు దీపం మా దిక్కు తిప్పిండు.
అన్న తన్నిండు. దుమ్మొక దిక్కు, దూదొక దిక్కు.

పోయిన వారం "ఏడు–ఆరు!" అంటే
మీరు కడుపు పట్టుకొని నవ్విన్రు గదా.
ఆ ఏడు ఆయనయి.
నేను గూడ ఊకే ఇయ్యలే,
మోచేయి ఇంకా మానలే.