రెండు కొలతల నడుమ

పంపులు ఆపాం.
మూడు నిమిషాలు పైపు కదలకూడదు.
ఆ మూడు నిమిషాలూ పని చేసేది
అన్యేలో మైదానం మీది గాలి ఒక్కటే,
మా కంటైనరు గోడని గులకరాళ్లతో గీకుతూ.

రెండువేల ఏడువందల మీటర్ల కింద
ఒక పరికరం చీకట్లో
తనెంత వాలిందో, ఎటు తిరిగిందో
చూసుకుంటుంది.
తర్వాత పంపులు మొదలవుతాయి,
బురదలో నాడి కొట్టుకుంటుంది,
నేను అంకెలు దించుకుంటాను.

"ఎంత?"
ఏవరిస్తో పైనేఫిల్ తల తిప్పకుండానే అడుగుతాడు.
ముప్పై మీటర్లకి ఆరు డిగ్రీలు.
ప్లానులోనూ ఆరే.
అతను మాతే సొరబుర్రని బల్ల మీద పెట్టి
"పైకి లాగితే నాలుగు టన్నులు ఎక్కువ అడుగుతోంది" అన్నాడు,
ఎవరితోనో కాదు, గేజీతో.

రెండు కొలతల నడుమ ఏం జరిగిందో
ఎవరమూ చూడలేదు.
లెక్కది పెద్దమనిషి తరహా.
ఈ చివరికీ ఆ చివరికీ
వీలైనంత నునుపైన విల్లు గీసి
ఇలాగే వచ్చుంటుందిలే అంటుంది.
నేను ఆరేళ్లుగా ఆ మాట నమ్మి
జీతం తీసుకుంటున్నాను.

వంపు వేరు, మెలిక వేరు.
వంపుకి ఇనుమైనా వంగుతుంది
తొందరపెట్టకపోతే.
మెలిక దగ్గర పైపు
ఒకే చోట గోడని రాస్తుంది, రాస్తుంది,
తాళంచెవి కన్నంలా కోసుకుపోయి
చివరికి తనే అందులో ఇరుక్కుంటుంది.
పైనేఫిల్ ఒకసారి అలా పదకొండు రోజులు చూశాడట,
చుబుత్‌లో, కుర్రవాడిగా.
ఆ బావిని సిమెంటుతో పూడ్చి వచ్చారు.
అంతకంటే చెప్పడు.

"సగానికి లాగి మళ్లీ కొలవండి."
బారగాన్‌కి ఒళ్లు మండింది.
కాగితం మీద ఆరంటే ఆరే,
గంటకి రిగ్గు అద్దె ఎంతో తెలుసా,
గుర్రానికి లేని గాబరా జీనుకెందుకు?
పైనేఫిల్ విన్నాడు. టోపీ సర్దుకున్నాడు.
పద్నాలుగు మీటర్లు పైకి లాగాడు.

పంపులు ఆపాం.
గాలి.

పన్నెండు.
మొదటి సగంలో పన్నెండు,
రెండో సగం దాదాపు సున్నా.
మోటారుని తిప్పకుండా జరిపిన చోట
ఒక్కసారిగా మోచేయి,
ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు ముక్కుసూటిగా.
రెండూ కలిపి సగం చేస్తే ఆరు.
అబద్ధం ఎక్కడా లేదు.

ఆ కొత్త కొలతని ఫైల్లో ఎక్కించాను.
తెర మీద అందమైన గీత
చీర కుచ్చిట్లో ముడిపడ్డ దారంలా
చిన్న గడ్డ కట్టింది.
బారగాన్ నా భుజం మీంచి చూసి
తలుపు గట్టిగా వేసుకుని వెళ్లాడు.

తెల్లవార్లూ పైపుని
పైకీ కిందికీ, పైకీ కిందికీ,
మొండి గోడని బుజ్జగిస్తూ.
నాలుగు టన్నులు మూడయ్యాయి,
ఒకటిన్నర దగ్గర ఆగిపోయాయి.
"ఇక తగ్గదు," అన్నాడతను,
"గుర్తుంచుకుందాం."

తొమ్మిదో రోజు కేసింగ్ దించారు.
రెండువేల ఏడువందల దగ్గర
సూది ఒక్కసారి వెనక్కి పడింది.
గదిలో ఐదుగురం.
ఎవరి ఊపిరీ వినపడలేదు.
సూది మళ్లీ లేచింది.

పైనేఫిల్ సొరబుర్రలో వేడినీళ్లు పోసి
మొదటి గుక్క తను తాగి
నాకు అందించాడు.
చేదుగా ఉంది.