స్టాపు కాని చోట

చచ్చిపోయిన అయిదో రోజున తిరిగొచ్చింది మా సువర్చల.
మోర్‌కామ్‌లో అప్పటికే ఇంటికొకరు వస్తున్నారు,
అందుకని నేను కేక పెట్టలేదు.
కాళ్లకు చెప్పులు లేవు. బస్సు కంపెనీ వాళ్ల నీలం కోటు మాత్రం
మేం తొడిగి పంపిందే,
బొత్తాలన్నీ పెట్టి ఉన్నాయి.

తోటలో షెడ్డు ఖాళీ చేశాను.
గడ్డి కోసే మిషనూ సగం వాడిన రంగు డబ్బాలూ
వానలోకి నెట్టి
దాన్ని లోపల పెట్టాను.
గడియ వేస్తుంటే నా వేళ్లకేసి చూసింది,
నాకేసి కాదు.

పక్కింటి టెడ్ హార్‌గ్రీవ్స్ వాళ్లావిడ మోరీన్‌ని
అద్దాల గదిలో కూచోబెట్టి రోజూ తల దువ్వేవాడు.
దువ్వెనకి జుట్టుతో పాటు ఇంకేదో వచ్చేది.
కంచె మీదుగా అడిగేవాడు, "మీ చెల్లెలు బాగుందా?"
"బాగుంది. మీ ఆవిడో?"
"ఆకలి కాస్త తగ్గినట్టుంది."
అబద్ధాలకి ఆ వేసవి ఊరంతా అలవాటు పడింది.

పదకొండో రోజు ముద్ద పెట్టాను,
గుప్పెడు నువ్వులు కలిపి, షెడ్డు కప్పు మీద.
కాకి రాలేదు. సీగల్ ఒకటి వచ్చింది,
వాసన చూసి, నన్ను చూసి,
చిప్స్ లేవా అన్నట్టు ఎగిరిపోయింది.
కాకి ముట్టకపోతే పోయినవాళ్లకి తీరని కోరికేదో ఉందంటారు.
కప్పు కింద నిలబడ్డ మనిషికి ఒక్కొక్కటే చెప్పి చూశాను:
నీ లైబ్రరీ పుస్తకాలు తిరిగిచ్చేస్తాను.
జెరేనియం కుండీ ఎండనివ్వను.
గ్యారెత్ ఎవరో అమ్మకి నేనే చెప్తాను.
ముద్ద అలాగే ఉంది.
రాత్రి వాన దాన్ని కరిగించింది.

తెల్లవారి అయిదూ నలభైకి మాత్రం కదిలేది.
అది దాని మొదటి ట్రిప్పు టైము.
రెండు చేతులూ గాల్లోకి ఎత్తి
లేని చక్రాన్ని తిప్పేది.
షెడ్డు మూల రాగానే వంగి
కుడి అద్దం చూసుకునేది.
చీకట్లో ఎవరినో ఎక్కించుకునేది,
చిల్లర కోసం ఆగేది,
దింపేది.
పలకల సందులోంచి చూస్తూ నోట్లో గుడ్డ కుక్కుకునేదాన్ని.
ఏడుపుకో నవ్వుకో
నాకే తెలిసేది కాదు.

బతికుండగా ఎంత ఖచ్చితం మనిషి!
ఓసారి స్టాపుకి ఇరవై గజాల ఇవతల
రెండు చేతుల్లో సంచులతో నేను పరిగెడుతుంటే
అద్దంలో చూసి కూడా పోనిచ్చింది.
రెండు రోజులు దానితో మాట్లాడలేదు.
మూడో రోజు మిరియాల చారు కాచి నా ముందు పెట్టి
"స్టాపు కాని చోట ఆపను, నువ్వైనా సరే" అంది.

కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది,
అందరికీ వచ్చినట్టే, రెండో తరగతి స్టాంపుతో.
పద్నాలుగో తేదీ లోపల, ఆటు వేళ
మీ వారిని ఇసుక మీదికి తీసుకురండి.
ఊబి ఉన్న వైపు ఎర్ర జెండాలు పాతి ఉంటాయి.
పిల్లల్ని తీసుకురావద్దు.

టెడ్ ముందు రోజే వెళ్లొచ్చాడు.
ఆవిడ ఇంటి చెప్పులు చంకలో పెట్టుకుని
కంచె దగ్గర ఆగాడు.
ఏమీ అడగలేదు.

ఆ రాత్రి టార్చి వేసి చాలాసేపు చూశాను.
షెడ్డు గడియ బయటి వైపే ఉంది,
నా వైపు.

పద్నాలుగున దాని నడుముకి నా చున్నీ కట్టి
రోడ్డు దాటించాను. అటూ ఇటూ చూసే దాటాం.
తడి ఇసుక మీద వందలమంది, ఇద్దరిద్దరుగా,
దారి తప్పిన పెళ్లి ఊరేగింపులా.
అఖాతానికి అవతల గ్రేంజ్ దీపాలు.
జెండా దగ్గర ముడి విప్పబోతే
చలికి వేళ్లు వంగలేదు.
పంటితో విప్పాను.
దాని కోటు ఇంకా డీజిల్ వాసనే వేస్తోంది.

నడిచింది.
చేతులు చక్రం మీద.
నీళ్లు దాని మోకాళ్ల దాకా వచ్చినప్పుడు
నేను చెయ్యెత్తాను,
ఇక్కడ బస్సుకి ఎత్తినట్టు,
పూర్తిగా, వేళ్లు చాచి.

అద్దంలో చూసిందనే అనుకుంటున్నాను.
ఆపలేదు.