ద్వారబంధం మీద గీతలు

మండలాఫీసులో ఇచ్చిన ట్యాబ్‌లో
ఊరి పేరు ముందే నిండి ఉంది:
నెల్లిదిబ్బపాలెం, భీమిలి మండలం.
మిగిలిన గళ్లు నేను నింపాలి.
తుఫాను, వరద, ఉప్పెన, పిడుగు, ఒడ్డు కోత.
ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు.
ఎంత తరచుగా? ఎంత నష్టం?
రెండూ గుణిస్తే ప్రమాదం.
పదిహేను దాటితే గడి తనంతట తానే ఎర్రబడుతుంది.

దిబ్బ దిగేసరికి చెప్పుల్నిండా ఇసుక.
వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్లు
తల ఎత్తకుండానే దారి చూపించారు.
సరుగుడు తోట ఉండాల్సిన చోట మొదళ్లే,
హాజరు పట్టీలో రానివాళ్ల చుక్కల్లా.
"ఊరు ఇంకా లోపలికుండేది" అన్నాడు సూరాడ అప్పలకొండ,
సముద్రంలోకి చెయ్యి చాపి.
"అదిగో, ఆ నురగ కాడ మా పెదనాన పశువుల సాల."
ఒడ్డు కోతకి నాలుగు పెట్టాను.
కాసేపు ఆ నురగనే చూసి
అయిదు చేశాను.

పిడుగు సంగతి ఎవరూ సరిగ్గా చెప్పలేదు.
నెత్తి కాలిన తాడిచెట్టు ఒకటి నిలబడి ఉంది.
దాని కింద ఎవరున్నారని అడిగితే
మేకలు అన్నారు,
అని ఊరుకున్నారు.

మైలపల్లి దానమ్మ ఇంటి ద్వారబంధానికి
ఎడమవైపు మేకుతో గీసిన గీతలు, పిల్లల ఎత్తు.
కుడివైపు బొగ్గు గీతలు, నీళ్ల ఎత్తు.
రంగు వేసినప్పుడల్లా మళ్లీ దిద్దుతుందట.
పిల్లల గీతలు ఏడాదికో రెండంగుళాలు ఓపిగ్గా పైకెక్కాయి.
నీళ్లది ఆ పద్ధతి కాదు.
ఒక ఏడు గడప దగ్గర,
మూడేళ్లు అసలు లేదు,
ఆనక ఒక్కసారిగా గొళ్లెం దాకా.

టేపు తీశాను. ఆ ఇంటి పిల్ల గౌరీశ్వరి రెండో కొస పట్టుకుంది.
గొళ్లెం గీత: మూడడుగుల ఒక అంగుళం.
ఎడమవైపు అదే ఏటి గీత: రెండడుగుల పది.
పైకి లెక్క కట్టడం ఇద్దరం మానేశాం.
"దీన్ని అటకమీద కూకోబెట్టి
నాను బియ్యం డబ్బామీద నిలబడిపోనాను" అంది దానమ్మ.
"తెల్లారేదాకా పాట పాడమని ఒకటే ఏడుపు.
నాకొచ్చినయ్యన్నీ అయిపోనాయి."
ఆ పిల్ల ఇప్పుడు పదో తరగతి.
టేపు వదలకుండానే నవ్వింది.

ట్యాబ్ అడిగింది: సమీపంలో తుఫాను ఆశ్రయం? ఉంది.
దూరం? నాలుగువందల మీటర్లు.
ఆ గడి పచ్చబడింది.
"పదండి, చూద్దాం" అన్నాను.
తలుపుకి అరచెయ్యంత తాళం,
దానికింద తుప్పు కారిన చార.
"చెవి ఎవరి దగ్గరుంది?"
"మా మరిది కాడ."
"పిలవండి."
"ఆడు ఈరావల్ బోటుమీద ఎల్లిపోనాడమ్మా, ఆగస్టులో.
ఏసంకాలం గానీ రాడు."

గుజరాత్ సముద్రంలో ఎక్కడో
ఒక చొక్కా జేబులో
ఊరి ఆశ్రయం.
దీనికి గడి లేదు.
వ్యాఖ్యలు వంద అక్షరాలు మించరాదు.
రాశాను, చెరిపాను, మళ్లీ రాశాను:
తాళం చెవి ఊళ్లో లేదు.
పంపగానే ధన్యవాదాలు అని వచ్చింది.

మర్నాడు మా సారు ఫోను.
"ఆశ్రయం ఉంది కదమ్మా, అంకె కాస్త తగ్గించు."
తగ్గించలేదు.
అక్టోబరుకి ఇంకా పన్నెండు రోజులుంది.

గంటస్తంభం దగ్గర కొత్త తాళం కొన్నాను.
మూడు చెవులు దానితో వచ్చాయి,
ఇంకో మూడు కోయించాను.
పాతదాన్ని అప్పలకొండ లంగరు కొక్కెంతో పెరికాడు.
లోపల గబ్బిలాల వాసన,
కట్టలు విప్పని దుప్పట్లు,
ప్రారంభోత్సవం నాటి దండలో మిగిలిన దారం.
దానమ్మ తన చెవిని నల్లపూసల పక్కన కట్టుకుంది.
గౌరీశ్వరి నాకూ ఒకటి అంది.
చిన్నపిల్లవి కదా అనబోయి
ద్వారబంధం గుర్తొచ్చి ఇచ్చేశాను.

మూడువందల ఎనభై రూపాయల బిల్లు
ఇంకా నా బ్యాగులోనే ఉంది.
ఏ పద్దు కింద పెట్టాలో
ఆఫీసులో ఎవరికీ తెలియదు.