బూడిదరంగు చదరం

కుతాయిసీలో, రియోని వంతెన దిగగానే
చెప్పులు కుట్టే కొట్టుకీ రొట్టెల బట్టీకీ నడుమ
మా దుకాణం. నేను స్క్రూలు విప్పేవాణ్ణి.
యజమాని ఓతియా లెక్కలు చూస్తాడు,
మిగతా పొద్దంతా సిద్ధాంతాలు చెబుతాడు.

ఆ ఫిబ్రవరిలో నజిబ్రోలా వచ్చింది,
భుజాల మీది మంచయినా దులుపుకోకుండా.
వినపడని పిల్లల బడిలో పంతులమ్మ.
మా దగ్గరే కొన్న ఆరు ల్యాప్‌టాప్‌లలో ఒకదాన్ని
బల్ల మీద పెట్టి తెరిచింది.
"పాఠం రావడం లేదు."

తెర మీద చేతులు కదలాల్సిన చోట
బూడిదరంగు చదరం.
దాని మధ్యలో, ఏదో అతుకుల బొమ్మలోంచి
తప్పిపోయి వచ్చినట్టు ఒక్క ముక్క.
కింద ఇంగ్లీషులో ఒక వాక్యం.
"ప్లగిన్ లేదమ్మా" అన్నాను,
పులుసులో ఉప్పు లేదన్నంత తేలిగ్గా.

"మరి ఇవన్నీ ఏమిటి?" అంది.
నిజమే. పెట్టె సీలు ఊడకముందే
లోపల కాపురాలు పెట్టినవాళ్ళు చాలామంది:
ముప్పై రోజుల్లో కన్నుమూసే వైరస్ కాపలాదారు,
ఎవరూ గెలవని పేకాట,
జర్మనీలో బూట్లు కొనుక్కోమనే పట్టీ,
సముద్రాల ఫొటోలు పదకొండు.
మింగ మెతుకు లేదు గానీ
మీసాలకు సంపెంగ నూనె.

ఓతియా కళ్ళద్దాలు నుదుటికి ఎత్తాడు.
"ఖాళీగా ఇవ్వడమే మర్యాద.
ముందే వచ్చి కూర్చున్నవాణ్ణి ఎవరూ లేపరు.
ఇవాళ బొమ్మ చూపించినవాడే
రేపు దొంగకి కన్నం చూపిస్తాడు.
ఎవరికి కావలసింది వాళ్ళు అడిగి వేయించుకోవాలి.
అడగందే అమ్మయినా పెట్టదు."

పక్క బట్టీలో తడి పిండి
గోడకి తపేలున అంటుకుంది.
"మా పిల్లలు అడిగారు" అంది నజిబ్రోలా.
"మూడు రోజులుగా అడుగుతూనే ఉన్నారు.
మీకు వినపడే భాషలో కాదు."

మా మోడెమ్ మీద అది దిగడానికి రెండు గంటలు,
మధ్యలో ఒకసారి కరెంటు పోయి
మళ్ళీ మొదటినుంచి.
ఆ చీకట్లో ఆమె చెప్పింది:
పిల్లలు ఆ చదరాన్నే పాఠం అనుకున్నారట.
ఆరు తెరల మీదా ఒకటే ఉంది కాబట్టి
ముఖ్యమైనదే అయ్యుండాలి.
త్సిస్కారా అనే తొమ్మిదేళ్ళది దానికో సైగ కట్టింది.
ఎడమ అరచేయి చాపి,
కుడి చేతి రెండు వేళ్ళతో ఏదో పెట్టబోయి
పెట్టకుండా వెనక్కి తీసుకోవడం.
రెండో రోజుకి రొట్టె అయిపోతే అదే సైగ,
పొయ్యిలోకి కట్టెలు లేకపోతే అదే.
మూడో రోజు మెరాబ్ అనే కుర్రాడు
తన మంచం పక్క కుర్చీని చూపించి
అదే చేశాడు.
ఆమె కోటు చంకన వేసుకుని మా దగ్గరకి బయల్దేరింది.

మర్నాడు నేనే బడికి వెళ్ళి మిగతా అయిదూ సరిచేశాను.
తెర మీద ఒకాయన 'నీళ్ళు' అన్నాడు, 'కిటికీ' అన్నాడు.
పిల్లలు గాల్లో చేతులు ఆడించి చప్పట్లు కొట్టారు.
త్సిస్కారా మాత్రం చివరిదాకా చూసింది,
తన సైగ ఆయనకి వచ్చేమోనని.
ఆయనకి రాదు.

ఓతియా చెప్పింది తప్పని ఇప్పటికీ అనలేను.
అమ్మే ప్రతి యంత్రం ముందూ ఆగి అడుగుతాను,
దీంట్లో ఏం చూస్తారు, ఎవరు చూస్తారు అని.
కొందరు విసుక్కుంటారు.
నీకెందుకయ్యా, పెట్టెలో పెట్టు అంటారు.

ఏప్రిల్‌లో ఆ ప్లగిన్‌కే వయసు మళ్ళింది.
కొత్తది కావాలంటూ చదరం తిరిగొచ్చింది.
ఈసారి పంతులమ్మ చెయ్యి పట్టుకుని
త్సిస్కారా కూడా వచ్చింది.
నా వైపు చూడలేదు, నేరుగా ఓతియా ముందు నిలబడి
ఎడమ అరచేయి చాపింది.

ఓతియా పెన్ను కింద పెట్టాడు.
లేచి, తనే కేబుల్ వెతికి గుచ్చాడు.
అది దిగేంతసేపూ
బల్లకి అవతల కూర్చుని
ఆ సైగ చెయ్యడానికి ప్రయత్నించాడు.
పిల్ల రెండుసార్లు తల అడ్డంగా ఊపి,
ముందుకి వంగి,
ఆయన బొటనవేలు సరిచేసింది.