కూబర్ పీడీ, పైనుంచి

ఉపగ్రహం కంటికి మా ఊరు
రాత్రంతా చీమలు తోడిపోసిన నేల.
తెల్లమట్టి కుప్పలు,
కుప్ప కుప్పకీ పక్కన ఓ నల్లచుక్క.

"ఇళ్ళేవే?" ఫోన్లో అక్క.
ఎండకి జడిసి నేల కిందున్నాం,
గాలిగొట్టం కనబడితే చూడు,
దాని అడుగునే నా కుక్కర్ మూడో కూత.

పక్క గుహ జ్లాట్కో
మొద్దువేళ్ళతో తెరని సాగదీస్తాడు.
డెబ్భైనాలుగులో తవ్విన గొయ్యి కావాలట.
"ఓపల్ దొరికిందా అందులో?"
"లేదు. అందుకే గుర్తుంది."

కుప్ప దొరికింది.
టీ చల్లారేదాకా
దానిమీంచి వేలు తియ్యలేదు.

"అదేమిటే, ఆ మూల ఎర్రగా?"
అక్క ఇంకా వెతుకుతూనే ఉంది.

నా దుప్పటి.
దండెం మీద మరిచిపోయిన రోజెప్పుడో
ఆకాశం చూసేసింది.